భక్తి ఉన్నవాళ్ళు ఉదారవాదులు కాకూడదా?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను, చదివేవాళ్ళకు తెలియాలి కదా. మీకు ఇరవై ఆరేళ్ళు. రోజూ దీపం పెట్టుకుంటారు, శనివారం గుడికి వెళ్తారు. రాజకీయాల దగ్గరికి వచ్చేసరికి అన్ని మతాలవాళ్ళకూ సమాన హక్కులు ఉండాలని, ప్రభుత్వం ఏ మతం వైపూ మొగ్గకూడదని అంటారు, ఉదారవాదమని నేననేది దీన్నే. దాంతో ఇంట్లో బాబాయి "నువ్వసలు హిందువువేనా?" అంటున్నారు. ఆఫీసులో స్నేహితులేమో "ఇంత చదువుకుని ఈ పూజలేమిటి?" అంటున్నారు. రెండింటిలో ఏదో ఒకటి వదులుకోవాలా అన్నది మీ సందేహం. చివర్లో మీ అక్క పెళ్ళి సంగతి కూడా రాశారు. ఆమె ఒక క్రైస్తవ అబ్బాయిని చేసుకోవాలనుకుంటోంది, ఇద్దరూ ఎవరి మతంలో వాళ్ళే ఉంటామంటున్నారు, ఇంట్లో పెద్ద టెన్షన్‌గా ఉంది.

ఏదీ వదులుకోనక్కర్లేదు. నేను డిగ్రీ కాలేజీలో రాజనీతి శాస్త్రం చెప్పి రిటైరయ్యాను. నిత్యపూజ చిన్నప్పటి నుంచీ ఉంది, ఇప్పుడూ ఉంది. నా ఉదారవాదం ఏ పుస్తకంలోంచో రాలేదు, నా భక్తిలోంచే వచ్చింది. అదెలాగో చెబుతాను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

నమ్మకం బలవంతంగా పుట్టదు. ఒక మనిషిని భయపెట్టి దండం పెట్టించవచ్చు, తల వంచించవచ్చు, నినాదం చేయించవచ్చు. లోపల విశ్వాసం మాత్రం కలిగించలేం. దేవుడు చూసేది మనిషి లోపలినే అని కదా మనం నమ్ముతాం. మరి చట్టానికో, గుంపుకో భయపడి చేసే భక్తి ఆయనకు దేనికి? అందుకే ప్రభుత్వం మనుషుల విశ్వాసాల జోలికి రాకూడదని నాస్తికుల కన్నా ముందు ఆస్తికులే అడగాలి. అది పోతే ఎక్కువ నష్టపోయేది మనమే. ఇవాళ నా మతం వైపు నిలబడిన ప్రభుత్వం రేపు నా మతంలో ఏ పద్ధతి సరైనదో, ఏ గురువు అసలైనవాడో, ఏ పండగ ఎలా చెయ్యాలో కూడా తనే చెబుతుంది.

ఇది మన దేశంలో కొత్తగా పుట్టిన ఆలోచన కాదు. 1949 అక్టోబరు 17న రాజ్యాంగ సభలో ప్రవేశిక మీద, అంటే రాజ్యాంగానికి ముందుమాట మీద, చర్చ జరిగింది. సభ్యులు హెచ్.వి. కామత్ గారు "భగవంతుడి పేరిట" అన్న మాటతో ప్రవేశిక మొదలు కావాలని సవరణ పెట్టారు. అప్పుడు వ్యతిరేకించినవాళ్ళందరూ దేవుడంటే గిట్టనివాళ్ళు కాదు. హృదయనాథ్ కుంజ్రూ గారి వాదన ఏమిటంటే, ఇది మనిషి అంతరంగానికి సంబంధించిన విషయం, దీన్ని సభ అందరి మీదా రుద్దడం రాజ్యాంగం ఇచ్చే విశ్వాస స్వేచ్ఛకే విరుద్ధం. పూర్ణిమా బెనర్జీ గారైతే దేవుడి మీద ఓటు వెయ్యాల్సిన ఇబ్బందిలోకి మమ్మల్ని నెట్టవద్దని కామత్ గారిని వేడుకున్నారు. ఆయన ఊరుకోలేదు, ఓటింగ్ జరిగింది. సవరణకు అనుకూలంగా 41, వ్యతిరేకంగా 68. దేవుడి పేరు ప్రవేశికలోకి రాలేదు. క్లాసులో ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ పూర్ణిమా బెనర్జీ గారి మాట దగ్గర నేను కాసేపు ఆగేదాన్ని. అది భక్తి తెలిసిన మనిషి మాటలా ఉంటుంది నాకు. దేవుణ్ణి మెజారిటీతో గెలిపించవలసిన అవసరం ఏముంది?

అలాగని ఆ సభ దేవుణ్ణి వెళ్ళగొట్టనూ లేదు. మంత్రులు ప్రమాణ స్వీకారం చేసేటప్పుడు "దైవసాక్షిగా" అనడం మీరు టీవీలో వినే ఉంటారు. ఇష్టం లేనివాళ్ళు దేవుడి పేరు తీసుకోకుండానే ప్రమాణం చెయ్యవచ్చు. రెండు దారులూ రాజ్యాంగంలోని మూడో షెడ్యూల్‌లోనే ఉన్నాయి. 25వ అధికరణలో కూడా ముందు వచ్చేది అంతఃకరణ స్వేచ్ఛ, ఆ తర్వాతే మతాన్ని అవలంబించే, ఆచరించే, ప్రచారం చేసే హక్కు. అదే అధికరణ హిందూ ఆలయాలను అన్ని వర్గాల హిందువులకూ తెరిచే చట్టాలు చేసే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. అంటే ప్రభుత్వం మతానికి దూరంగా ఉండాలి, కానీ మతం పేరిట మనిషిని గుమ్మం బయట నిలబెడితే చూస్తూ ఊరుకోకూడదు. ఈ రెండో సగాన్ని చాలామంది వదిలేసి మాట్లాడతారు.

"మరి గాంధీగారు మతాన్ని రాజకీయాల్లోకి తెచ్చారు కదా" అని మీ బాబాయి అడుగుతారు, నన్ను చాలామంది అడిగారు. నిజమే. మతానికీ రాజకీయాలకూ సంబంధం లేదనేవాళ్ళకు మతమంటే ఏమిటో తెలియదని ఆయనే రాశారు. అదే గాంధీగారు 1946లో ఏం రాశారంటే, నా మతం కోసం ప్రాణమైనా ఇస్తాను, కానీ అది నా సొంత వ్యవహారం, ప్రభుత్వానికి దానితో పని లేదు అని. వీటిలో వైరుధ్యం నాకు కనిపించదు. ఆకలితో ఉన్నవాణ్ణి చూసి నా మనసు కదిలితే దానికి కారణం నా భక్తే కావచ్చు. ఓటు వేసేటప్పుడు కూడా ఆ కదలిక నాతోనే వస్తుంది, ఇంట్లో పెట్టి తాళం వేసి రాలేను. కానీ ఫలానా పథకం కావాలనో, ఫలానా చట్టం వద్దనో నలుగురిలో వాదించేటప్పుడు నా దేవుణ్ణి నమ్మనివాడికి కూడా అర్థమయ్యే కారణం చూపించాలి. "మా శాస్త్రంలో ఉంది" అన్నది నా ఇంట్లో చాలు, శాసనసభలో చాలదు. ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 123(3) సెక్షన్ మతం పేరు చెప్పి ఓట్లు అడగడాన్ని అవినీతి చర్యగా లెక్కగడుతుంది. అభ్యర్థి మతం ఒక్కటే కాదు, ఓటరు మతం పేరు చెప్పి అడిగినా అంతే అని సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం 2017 జనవరిలో 4-3 మెజారిటీతో తేల్చింది. ఎన్నికల సమయంలో మన చుట్టూ ఏం జరుగుతోందో మీకు తెలుసు. చట్టం ఉన్నా దాన్ని అడిగేవాళ్ళు లేరు. అది నాకు బాధ కలిగించే సంగతి.

తెలుగు నేల మీద ఈ రెండూ కలిసి నడిచిన దాఖలాలు కావలసినన్ని ఉన్నాయి. కందుకూరి వీరేశలింగం గారు నాస్తికుడు కాదు. 1878లో రాజమండ్రిలో ప్రార్థన సమాజం పెట్టిన ఆస్తికుడు. 1881 డిసెంబరు 11న అక్కడే తొలి వితంతు వివాహం జరిపించారు. ఆయన శాస్త్రాలను పక్కకు తోసెయ్యలేదు, శాస్త్రాలు చదివే, వాటితోనే వాదించారు. వెలి వేస్తారన్న భయంతో పనివాళ్ళు, వంటవాళ్ళు రావడం మానేస్తే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు తనే నీళ్ళు మోసి, వంట చేసి పెట్టారు. ఆవిడ పేరు మనం తలుచుకోవలసినంతగా తలుచుకోం. సంస్కరణ అంటే ఉపన్యాసాలు గుర్తొస్తాయి మనకు. పెళ్ళికి వచ్చినవాళ్ళకు అన్నం ఎవరు వండారన్నది గుర్తు రాదు.

ఇంకొకటి గోరా గారి ఉదంతం. గోపరాజు రామచంద్రరావు గారు పక్కా నాస్తికుడు, 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం మొదలుపెట్టారు. గాంధీగారు నిలువెల్లా ఆస్తికుడు. గోరా గారు తన కూతుర్ని దళిత యువకుడికి ఇచ్చి చేయాలనుకుంటే ఆ పెళ్ళి సేవాగ్రామ్‌లో జరిపిద్దామని గాంధీగారు అన్నారు. నాస్తికుల మనసు నొప్పించకుండా పెళ్ళి ప్రమాణంలో దేవుడి పేరు బదులు సత్యం అన్న మాట ఉంచడానికి కూడా ఒప్పుకున్నారు. 1948 జనవరి 30న ఆయన్ని చంపేశారు. ఆ మార్చిలో పెళ్ళి సేవాగ్రామ్‌లోనే జరిగింది. రామనామం వదలని మనిషి ఎదుటివాడి అవిశ్వాసానికి అంత చోటివ్వగలిగాడు. మీ ఆఫీసు స్నేహితులకూ, మీ బాబాయికీ ఇద్దరికీ చెప్పవలసిన కథ ఇది.

ఇక నిత్యజీవితానికి వద్దాం. నిజానికి మన ఉదారవాదం ఎంతో తేలేది అక్కడే. ఎన్నికలు ఐదేళ్ళకోసారి వస్తాయి, టులెట్ బోర్డు ఏడాదికోసారి పెడతాం. అద్దెకు వచ్చినవాళ్ళను కులం ఏమిటని నేరుగా అడగడం మర్యాద కాదు కాబట్టి ఇంటిపేరు అడుగుతారు. ఇంటిపేరుతో తేలకపోతే ఊరు, ఊరితో తేలకపోతే "మీరు నాన్‌వెజ్ తింటారా?" అని.

ఒకసారి మా పై వాటా ఖాళీ అయితే ఒక ముస్లిం జంట వచ్చి అడిగారు. ఇద్దరూ ఉద్యోగస్థులు, చంకలో చంటిపిల్ల. మా వీధిలో కొందరు పెద్దలు వచ్చి, "ఇంట్లో పెద్దావిడ మడి కట్టుకునే మనిషి, కాస్త ఆలోచించుకోండి" అని మా వారితో అన్నారు. మా అత్తగారు నిజంగానే గొప్ప నిష్ఠతో ఉండేవారు. దేవుడికి నైవేద్యం అయ్యేదాకా మంచినీళ్ళు కూడా ముట్టేవారు కాదు. ఆ మాటలు లోపల్నుంచి విని ఆవిడే బయటికి వచ్చారు. "నా మడి నా వంటింటి వరకే. పైన ఎవరుంటే నాకేమిటి? అద్దె వేళకు ఇస్తారా, నీళ్ళు వృథా చెయ్యరా అన్నది చూడండి" అన్నారు. ఆ జంట చాలా ఏళ్ళు ఉన్నారు. రంజాన్‌లో వాళ్ళు సహరీకి, అంటే తెల్లవారకముందు తినే భోజనానికి, లేచే వేళా, కార్తీకమాసంలో ఆవిడ స్నానానికి లేచే వేళా దాదాపు ఒకటే. నీళ్ళ మోటారు ఎవరు ముందు వెయ్యాలన్న దాని మీద తప్ప వాళ్ళ మధ్య మాటామాటా వచ్చింది లేదు.

మా అత్తగారు రాజ్యాంగం చదవలేదు. ఓటు ఎవరికి వేశారో కూడా నాకెప్పుడూ చెప్పలేదు. కానీ నియమం తన కోసం పెట్టుకున్నదని, దాన్ని పక్కవాడి నెత్తిన పెట్టే హక్కు తనకు లేదని ఆవిడకు స్పష్టంగా తెలుసు. నేను పాతికేళ్ళు పాఠం చెప్పింది అదే. మడి విషయంలో ఒక మాట కూడా చెప్పాలి. దాని వెనక శుభ్రత ఒక్కటే లేదు, అంటరానితనం కూడా ఉంది. ఆ విమర్శ సరైనది. అందుకే పూజ ఉంచుకున్నాను గానీ మడి ఉంచుకోలేదు. దేవుడు ఒప్పుకోడేమో అన్న భయం నాకు కలగలేదు.

ఆలయాల్లో కూడా ఈ పని చేస్తున్నవాళ్ళు ఉన్నారు. 2018 ఏప్రిల్‌లో హైదరాబాద్ జియాగూడ రంగనాథస్వామి గుడిలోకి చిలుకూరు బాలాజీ ఆలయ అర్చకులు రంగరాజన్ గారు ఒక దళిత భక్తుణ్ణి భుజాల మీద ఎత్తుకుని తీసుకెళ్ళారు. అంటరానివాడని దూరం పెట్టిన భక్తుడు తిరుప్పాణాళ్వారును అర్చకుడు లోకసారంగ ముని గుడిలోకి మోసుకెళ్ళిన వైష్ణవ గాథను మళ్ళీ మన కళ్ళ ముందుకు తెచ్చారు. సంప్రదాయంలో అంటరానితనమూ ఉంది, దాన్ని భుజాన మోసి దాటించిన కథా ఉంది. ఏది ఎంచుకుంటామన్నది మన చేతిలో ఉంది. సంప్రదాయం అంటే మొదటిది మాత్రమే అని మీ బాబాయి అంటే ఒప్పుకోకండి. మీ స్నేహితులు అన్నా ఒప్పుకోకండి.

"ప్రభుత్వం మతానికి దూరంగా ఉండాలంటావు, మరి గుళ్ళు మాత్రం ప్రభుత్వం చేతిలో ఎందుకు?" అన్నది మీ బాబాయి అడిగిన ప్రశ్నల్లో గట్టిది. దీన్ని దాటెయ్యకండి. 1817లో మద్రాసులో ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం ఒక రెగ్యులేషన్ తెచ్చి ఆలయాల ఆస్తుల పర్యవేక్షణ చేపట్టింది. తర్వాత చెయ్యి వెనక్కి తీసుకుంది. ధర్మకర్తలు మాన్యాలు మింగేస్తున్నారన్న ఫిర్యాదులతో 1920ల్లో మళ్ళీ చట్టాలు వచ్చాయి. మన దగ్గర 1987 దేవాదాయ చట్టం వాటి తర్వాతది. నా అభిప్రాయం ఇది: లెక్కల ఆడిట్ ఉండాలి, భూములు కబ్జా కాకుండా ప్రభుత్వం చూడాలి, కుల వివక్షను ఆపాలి. అంతకు మించి ఎవరు పాలకమండలిలో ఉండాలన్నది పార్టీలు పంచుకునే పదవి కాకూడదు. ఇలా అనడానికి ఉదారవాదులు మొహమాటపడనక్కర్లేదు. అయితే హుండీ డబ్బంతా వేరే మతాలకు పోతోందని వచ్చే ఫార్వర్డ్‌లను మాత్రం నమ్మకండి. చట్టంలో కామన్ గుడ్ ఫండ్ అని ఉంది. ఆదాయం ఉన్న ఆలయాల నుంచి కొంత తీసుకుని, దీపానికి నూనె కూడా లేని గుళ్ళను బాగుచేయడానికి పెట్టింది అది. దాని ఖర్చు మీద అనుమానం ఉంటే ఆర్టీఐ దరఖాస్తు పెట్టమనండి, నిజమైన భక్తుడు చెయ్యవలసిన పని అది.

శబరిమల గురించి నా మనసు అంత తేలిగ్గా తేలలేదు. 2018 సెప్టెంబరు 28న సుప్రీంకోర్టు 4-1తో అన్ని వయసుల మహిళలకూ ప్రవేశం ఉండాలంది. ఫలితం నాకు సమ్మతమే. కానీ భిన్నతీర్పు రాసింది ఆ ధర్మాసనంలోని ఒకే ఒక మహిళ, జస్టిస్ ఇందు మల్హోత్రా. భక్తుల ఆచారం హేతుబద్ధమా కాదా అని కోర్టు తూకం వెయ్యకూడదన్నది ఆవిడ వాదన. దాన్ని నేను తోసిపుచ్చలేను. 1954లో శిరూరు మఠం కేసులో ఒక మతానికి ఏది అత్యవసరమో ఆ మత సిద్ధాంతాల్ని బట్టే చూడాలన్నారు. అక్కడి నుంచి మెల్లగా ఏది అసలైన మతమో జడ్జీలే నిర్ణయించే స్థితికి వచ్చాం. అది ఉదారవాదికి ఇష్టమైన ఫలితం ఇచ్చినప్పుడు కూడా ప్రమాదమే. సమానత్వం అన్న ఆధారం మీద తీర్పు చెప్పమంటాను నేను. ధర్మశాస్త్రం చెప్పే పని కోర్టుకు వద్దు.

ఒక మతం పట్ల గట్టిగా, ఇంకో మతం పట్ల మెత్తగా ఉండటం ఉదారవాదం కాదు. 1985లో భర్త విడాకులిచ్చిన ముస్లిం మహిళ షాబానో గారికి భరణం ఇవ్వాలని సుప్రీంకోర్టు చెబితే, మత పెద్దల ఒత్తిడికి లొంగి 1986లో ఆ తీర్పును నీరుగార్చే చట్టం తెచ్చారు. అదే ఏడాది ఫిబ్రవరిలో అయోధ్యలో బాబ్రీ మసీదు తాళాలు తెరుచుకున్నాయి. ఒకరిని సంతోషపెట్టి, వెంటనే ఇంకొకరిని సంతోషపెట్టే ఆ రాజకీయం ఎక్కడికి తీసుకెళ్ళిందో నా తరం కళ్ళారా చూసింది. నష్టపోయింది భరణం అడిగిన ఒక ముసలామె, తర్వాత అల్లర్లలో ఇళ్ళు పోగొట్టుకున్న మామూలు జనం. మీరు ముస్లిం మహిళ తరఫున మాట్లాడితే తప్పులేదు, మాట్లాడండి. అదే నోటితో హిందూ మహిళ తరఫునా మాట్లాడండి, అప్పుడే మీ మాట నిలుస్తుంది.

మీ స్నేహితుల గురించి ఒక్క మాట. దేవుణ్ణి నమ్మేవాళ్ళందరూ తెలివితక్కువవాళ్ళని వాళ్ళనుకుంటే, ఈ దేశంలో వాళ్ళు ఎవరితో మాట్లాడతారు? ఎవర్ని ఒప్పిస్తారు? అంబేడ్కర్ గారంతటి హేతువాది కూడా 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బౌద్ధం స్వీకరించారు. మనిషికి ధర్మం అక్కర్లేదని ఆయన అనుకోలేదు, మనిషిని మనిషిగా చూసే ధర్మం కావాలనుకున్నారు. వాళ్ళకు కోపంగా చెప్పకండి. మీరు పూజ చేసుకుని వచ్చి, ఆఫీసులో అన్యాయం జరిగినప్పుడు వాళ్ళ కన్నా ముందు లేచి మాట్లాడితే వాళ్ళే ఆలోచించుకుంటారు.

బాబాయితో ఫ్యామిలీ గ్రూపులో వాదించవద్దు. అక్కడ నలభై మంది చూస్తుంటారు, ఆయన వెనక్కి తగ్గలేరు, మీరూ తగ్గలేరు. ఫోన్ చెయ్యండి, లేదా పండక్కి వెళ్ళినప్పుడు పక్కన కూర్చోండి. ముందు ఆయన భయం ఏమిటో వినండి. మా బంధువుల్లో ఇలా మాట్లాడే చాలామందికి లోపల ఉన్నది ద్వేషం కాదు. పిల్లలు దూరమైపోతున్నారని, తాము పాటించినవేవీ తమ తర్వాత మిగలవని దిగులు. ఆ దిగులుకు ఒక పేరు, ఒక శత్రువు దొరికితే మనసు తేలికపడుతుంది, ఫార్వర్డ్‌లు ఆ పని చేసిపెడతాయి. మీరు ఆయనతో గుడికి వెళ్ళండి. ఆయనకు తెలిసిన స్తోత్రం ఒకటి నేర్చుకోండి. ఆ తర్వాత, "బాబాయ్, ఆ ఫలానా మెసేజ్ అబద్ధం, ఇదిగో చూడు" అంటే వింటారు. ఒకేసారి మారరు. మనిషిని అవమానించే మెసేజ్ వచ్చినప్పుడు మాత్రం గ్రూపులోనే ఒక్క వాక్యం రాయండి, "ఇది తప్పు, మన ఇంట్లో ఇలా మాట్లాడుకోం" అని. దానికి వచ్చే జవాబులకు మళ్ళీ జవాబు ఇవ్వవద్దు.

ఇక మీ అక్క పెళ్ళి. ఇద్దరూ మతం మారకుండా చేసుకోవాలంటే అనువైన దారి 1954 ప్రత్యేక వివాహ చట్టం. అబ్బాయికి 21, అమ్మాయికి 18 ఏళ్ళు నిండి ఉండాలి. ఇద్దరిలో ఒకరైనా కనీసం 30 రోజులుగా ఉంటున్న జిల్లాలోని మ్యారేజ్ ఆఫీసర్‌కు నోటీసు ఇవ్వాలి. మన దగ్గర సాధారణంగా సబ్ రిజిస్ట్రారే ఆ అధికారి. నోటీసు ఆఫీసులో అంటిస్తారు, 30 రోజుల్లోపు ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. భయపడకండి, అభ్యంతరానికి కారణాలు కొన్నే: వయసు చాలకపోవడం, ఇదివరకే పెళ్ళయి ఆ భార్యో భర్తో బతికి ఉండటం, సమ్మతి ఇవ్వలేని మానసిక స్థితి, పెళ్ళికి నిషేధించిన దగ్గరి బంధుత్వం. మతాలు వేరన్నది అభ్యంతరం కిందకి రాదు. ఆస్తి విషయంలో ఒక మార్పు ఉంది. ఉమ్మడి కుటుంబంలో ఉన్న హిందువు వేరే మతస్థుల్ని ఈ చట్టం కింద చేసుకుంటే ఆ ఉమ్మడి కుటుంబం నుంచి విడిపోయినట్టు లెక్క. కాబట్టి ఇంట్లో ఉమ్మడి ఆస్తి ఉంటే ముందే ఒక లాయర్ని కలవండి. ఆ నెల రోజుల నోటీసు సమయంలో గొడవ చెయ్యాలనుకునే బంధువులు వస్తారు. అందుకని పెద్దవాళ్ళకు బయటి నుంచి తెలియక ముందే మీరూ మీ అక్కా కలిసి ఇంట్లో చెప్పండి. అమ్మానాన్నలు గుళ్ళో కల్యాణం కూడా కావాలంటే మీకు తెలిసిన పూజారితో ముందు మాట్లాడి చూడండి, అబ్బాయి తరఫువాళ్ళు కోరితే చర్చిలో ప్రార్థన పెట్టించుకోండి. ఈ చట్టప్రకారం చెల్లేది మాత్రం రిజిస్ట్రార్ ముందు చేసే సంతకాలే. దానికి ముగ్గురు సాక్షులు కావాలి. ఒకరు మీరు. రెండో సాక్షిగా మీ బాబాయిని అడిగి చూడండి.